ఒకే చాప... మూడు తరగతులు

సాయంత్రం ఆరున్నర. హాల్లో చాప పరిచి ఉంది. దాని మీద ముగ్గురు పిల్లలు. ఎనిమిదో తరగతి పెద్దమ్మాయి, నాలుగో తరగతి నడిపివాడు, ఒకటో తరగతి చిన్నది. వంటింట్లో పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అమ్మ చేతిలో గరిటె.

'అమ్మా, ఏడూ ఐదూ ఎంత?' చిన్నది.

'అమ్మా, ఇది రైటేనా చూడు' నడిపివాడు.

'అమ్మా, వీళ్లని అరవొద్దని చెప్పు. నాకీ లెక్క రావట్లేదు' పెద్దమ్మాయి.

పది నిమిషాల్లో ఇరవైసార్లు 'అమ్మా'. ఈలోగా పప్పు అడుగంటుతుంది. ఎవరో ఒకరికి తిట్లు పడతాయి. మర్నాడు అమ్మ బజారుకెళ్లి మూడు లావుపాటి వర్క్‌బుక్కులు కొనుక్కొస్తుంది. 'ఎవరి పుస్తకం వాళ్లు చేసుకోండి, నన్ను పిలవకండి' అంటుంది. నెల తిరిగేసరికి ఒకదాంట్లో నాలుగు పేజీలు నిండి ఉంటాయి, ఇంకోదాంట్లో రెండు. మూడోది అటక మీద ఉంటుంది. 'ఎంత కొనిచ్చినా వీళ్లింతే' అన్న నిట్టూర్పు మిగులుతుంది.

ఇద్దరు ముగ్గురు పిల్లలున్న చాలా ఇళ్లలో జరిగేదే ఇది. ఇందులో పిల్లల తప్పు లేదు, అమ్మ తప్పూ లేదు. పుస్తకాలు ఎంచుకున్న పద్ధతిలోనే ఉంది తిరకాసంతా. పిల్లలు లెక్కలు సొంతంగా చేసుకోవాలంటే వాళ్ల చేతికిచ్చేదానికి రెండు లక్షణాలుండాలి. ఒకటి... పిల్ల ఏ తరగతిలో ఉందో అక్కడ కాదు, తనకి నిజంగా ఎంతవరకు వచ్చో అక్కడ మొదలవ్వాలి. రెండు... చేసింది తప్పో ఒప్పో అమ్మని అడక్కుండానే తెలిసిపోవాలి. ఈ రెండూ ఉంటే చింతగింజలైనా చాలు. లేకపోతే వెయ్యి రూపాయల పుస్తకమైనా అటకెక్కాల్సిందే.

ముందు పిల్ల... తర్వాతే పుస్తకం

పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలకి చదువు ఎంతవరకు వచ్చో చూసే సర్వే ఒకటుంది. దాని పేరు అసర్. 2024లో జరిగిన ఆ సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద గ్రామీణ ప్రాంతాల్లోని ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతమే. అంటే పదిమందిలో దాదాపు ఏడుగురి చేతిలో ఐదో తరగతి పుస్తకముంది కానీ వాళ్లకొచ్చిన లెక్క అంతకన్నా ముందే ఎక్కడో ఆగిపోయింది. అలాంటి పిల్లాడికి ఐదో తరగతి వర్క్‌బుక్ కొనిచ్చి 'సొంతంగా చేసుకో' అంటే ఏం చేస్తాడు? పెన్సిలు చెక్కుతూ కూర్చుంటాడు.

ఆ సర్వేలో వాడే పరీక్ష మెట్లు మెట్లుగా ఉంటుంది. అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు గుర్తుపట్టడం, పక్కనుంచి అప్పు తెచ్చుకుని చేసే తీసివేత, ఆ పైన భాగహారం. ఇంట్లోనూ ఇలాగే చూడొచ్చు. పది నిమిషాల పని. పరీక్ష అని చెప్పకుండా ఓ కాగితం మీద తేలిక నుంచి కష్టానికి వెళ్లేలా ఏడెనిమిది లెక్కలు రాసివ్వండి. 52లోంచి 27 తీసెయ్, 437ని 6తో భాగించు, అరలో పావు కలుపు... ఇలా. పిల్లలు ఎక్కడ తడబడ్డారో అక్కడ చుక్క పెట్టండి. కొనాల్సిన పుస్తకం ఆ చుక్కకి ఒక మెట్టు కింద మొదలవ్వాలి.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఇంగ్లిషు మీడియం పిల్లలు కొందరు కూడికలూ తీసివేతలూ చకచకా చేస్తారు. మాటల్లో ఇచ్చిన లెక్క రాగానే చేతులెత్తేస్తారు. అప్పుడు అదే లెక్కని తెలుగులో చెప్పి చూడండి. 'ఒక బుట్టలో 48 మామిడికాయలున్నాయి, ఆరుగురు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికీ ఎన్ని?' వెంటనే ఎనిమిది అన్నారంటే లెక్క వచ్చినట్టే, రానిది ఇంగ్లిషు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తెచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిషులో ఉంటుంది. ప్రైవేటు బడిలో చదివే పిల్లలకైనా ఇవి పక్కన ఉంటే మంచిదే.

పిల్లాడున్న చోటునుంచే మొదలుపెట్టడం కొత్త సంగతేమీ కాదు. జపాన్‌లోని ఒసాకాలో 1954లో తొరు కుమాన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు, రెండో తరగతి చదివే తన కొడుకు లెక్కల్లో వెనకబడ్డాడని రోజూ కొన్ని లెక్కలు చేత్తో కాగితం మీద రాసిచ్చేవాడు. కొడుకు వాటిని సొంతంగా చేసుకునేవాడు. ఒక్కో కాగితం ముందు రోజు దానికన్నా చిటికెడు కష్టంగా ఉండేది. ఈనాడు చాలా దేశాల్లో ఉన్న కుమాన్ సెంటర్లకి ఆ కాగితాలే మూలం. రోజూ కొంచెం, చిన్న చిన్న మెట్లు... ఈ రెండూ ఏ ఇంట్లోనైనా పాటించొచ్చు. దానికి సెంటర్లో చేరాల్సిన పనిలేదు.

తప్పుని వస్తువే చెప్పాలి

ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరీ 1939లో మద్రాసులోని అడయారుకి వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి వందలమంది టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆమె తయారుచేయించిన బోధన వస్తువుల్లో ఓ కిటుకుంది. చెక్క దిమ్మెలో వరసగా గుంటలుంటాయి. వాటిలో కూర్చునే చెక్క బిళ్లలూ ఉంటాయి. ఏ బిళ్ల దాని గుంటలోనే సరిగ్గా కూర్చుంటుంది. ఒక్కటి తప్పుగా పెట్టినా చివర్లో ఓ బిళ్ల మిగిలిపోతుంది. టీచరు నోరు విప్పక్కర్లేదు. పిల్లే చూసుకుని సరిచేసుకుంటుంది.

ఇంట్లో సొంతంగా చేసుకోవడానికి ఏది కొన్నా ఈ గుణం ఉందా అని చూసుకోవాలి. 'ఇది రైటేనా?' అన్న ప్రశ్నకి జవాబు అమ్మ దగ్గర మాత్రమే ఉంటే, ఆ పుస్తకం అమ్మకి పని పెంచేదే. పైగా తప్పు చెప్పేది మనిషైతే పిల్లలకి తిట్టినట్టుంటుంది. చెప్పేది వస్తువైతే ఆటలా ఉంటుంది.

చిన్నదానికి చింతగింజలు

ఆరేళ్ల పిల్లకి పుస్తకం కన్నా చేతిలో పట్టుకునేవి ముఖ్యం. పది చింతగింజలు, ఒక కొబ్బరిచిప్ప చాలు. కళ్లు మూసుకుని కొన్ని గింజల మీద చిప్ప బోర్లించాలి. బయటున్నవి లెక్కపెట్టి, లోపల ఎన్నున్నాయో చెప్పాలి. చిప్ప ఎత్తితే జవాబు ఎదురుగా ఉంటుంది. ఇలా ఆడగా ఆడగా ఏడూ మూడూ పది, ఆరూ నాలుగూ పది అన్నది నోటికొచ్చేస్తుంది. ఏడూ ఐదూ ఎంతని అమ్మని అడగాల్సిన పనిలేదు. ఏడుకి మూడు కలిపితే పది, మిగిలిన రెండూ కలిపితే పన్నెండు.

తర్వాత పూసల దండ. ఢిల్లీలోని జోడో జ్ఞాన్ సంస్థ 'గణిత్‌మాలా' పేరుతో వంద పూసల దండ తయారుచేస్తుంది. పదేసి పూసలు ఒక రంగు, ఆ తర్వాతి పది ఇంకో రంగు... ఇలా మారుతూ వెళ్తాయి. 43 ఎక్కడుందంటే నాలుగు రంగులు దాటి మూడో పూస. రెండు రంగుల పూసలు కొని ఇంట్లో గుచ్చుకున్నా సరే. లెక్క తప్పకుండా గుచ్చడం కూడా లెక్కే. ఆ పని నడిపివాడికి అప్పజెప్పొచ్చు.

గవ్వలాటల్నీ తక్కువ చేయకండి. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు పేద కుటుంబాల్లోని చిన్నపిల్లలతో, ఒకటి నుంచి పది దాకా గళ్లున్న ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, సారికి పదిహేను నిమిషాలు. అంతమాత్రానికే పిల్లలకి సంఖ్యల మీద పట్టు పెరిగిందని 2008లో ప్రచురించారు. ఒక్క షరతు. ఐదో గడి మీద ఉండి రెండు పడితే 'ఒకటి, రెండు' అని కాకుండా 'ఆరు, ఏడు' అంటూ జరపాలి. మన వైకుంఠపాళి ఆడేటప్పుడూ ఈ ఒక్క మార్పు చేసి చూడండి.

నడిపివాడికి చీపురుపుల్లలు

ముగ్గురిలో ఎక్కువగా నష్టపోయేది నడిపివాడే. చిన్నది ముద్దుగా అడుగుతుంది, పెద్దమ్మాయికి పరీక్షలున్నాయి. వీడు మాత్రం మాట్లాడకుండా ఏదో ఒకటి రాసేస్తాడు. 52లోంచి 27 తీసేస్తే 35 అని వేస్తాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేశాడన్నమాట. ఇలాంటివి వంద లెక్కలున్న వర్క్‌బుక్ ఇస్తే వందసార్లూ అదే తప్పు చేస్తాడు. అభ్యాసం వల్ల తప్పు పోదు, గట్టిపడుతుంది. ఆ తర్వాత ఓ రోజు 'నాకు లెక్కలు రావు' అని తేల్చేసుకుంటాడు. తొమ్మిదేళ్లకే ఆ మాట మనసులో పడితే తీసెయ్యడం ఏ ట్యూషన్ మాస్టారికీ అంత తేలిక కాదు.

వాడికి ముందు కావాల్సింది చీపురుపుల్లలు, రబ్బరు బ్యాండ్లు. పదేసి పుల్లల్ని కట్టగా కట్టాలి. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు. 27 తియ్యాలంటే ఏడు విడిపుల్లలు కావాలి, ఉన్నవి రెండే. ఓ కట్ట విప్పక తప్పదు. 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. మిగిలినవి లెక్కపెడితే 25. నాలుగు రోజులయ్యాక పుల్లలు పక్కనపెట్టి కాగితం మీద చేయొచ్చు. సరిచూసుకోవడమూ నేర్పాలి. వచ్చిన జవాబుకి తీసేసింది కలిపితే మొదటి సంఖ్య రావాలి. 35కి 27 కలిపితే 62. అంటే ఎక్కడో తేడా కొట్టింది! భాగహారమూ అంతే. 437ని 6తో భాగిస్తే 72, శేషం 5. ఆరు డెబ్బై రెళ్లు 432, ఐదు కలిపితే 437. సరిపోయింది.

భిన్నాలకి కిరాణా కొట్టే పుస్తకం. అరలో పావు కలపమంటే చాలామంది పిల్లలు పైదానికి పైది, కిందిదానికి కిందిది కలిపేసి 'ఆరింట రెండు' అని రాస్తారు. అరకిలో పంచదారకి పావుకిలో కలిపితే ఎంతని అడగండి. 'ముప్పావు' అంటాడు. ఆరింట రెండంటే మూడో వంతు. అంటే అరకన్నా తక్కువ. కలిపితే తగ్గుతుందా? ఆ ప్రశ్న వాడే వేసుకునేలా చేస్తే భిన్నాలు సగం వచ్చేసినట్టే.

పెద్దమ్మాయికి జవాబులున్న పుస్తకం

పదమూడేళ్ల పిల్లకి పుస్తకమే తోడు. అయితే గైడు కాదు. గైడులో లెక్క, దాని కిందే జవాబు ఉంటాయి. చూసి రాయడానికి తప్ప దేనికీ పనికిరాదు. పాఠంలో ఒకట్రెండు లెక్కలు వివరంగా చేసి చూపించి, మిగిలినవాటి జవాబులు పుస్తకం చివర ఇచ్చేవి మేలు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ఎగ్జెంప్లర్ పుస్తకాలు అలాంటివే. ఆరో తరగతి నుంచీ ఉన్నాయి. 'గణిత ప్రకాశ్' పేరుతో వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాలు కూడా ఆలోచింపజేసేలా ఉంటాయి. ఆరో తరగతిది 2024లో, ఏడు, ఎనిమిది తరగతులవి 2025లో వచ్చాయి. ఇవన్నీ ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

జవాబుల పేజీ ఉంటే కాపీ కొడతారని కొందరు చించి దాచేస్తారు. అలా చేస్తే సరిచూసుకునే దారి మూసేసినట్టే. దానికన్నా ఓ నియమం పెట్టండి. ఐదు లెక్కలు చేశాకే చివరి పేజీ తియ్యాలి. తప్పొచ్చినదాన్ని కొట్టెయ్యకుండా పక్కనే మళ్లీ చెయ్యాలి. బీజగణితంలో అయితే జవాబుల పేజీ కూడా అక్కర్లేదు. ఒక సంఖ్యని మూడు రెట్లు చేసి 7 కలిపితే 25 వచ్చిందనుకోండి. ఆ సంఖ్య 6 అని తేలితే వెనక్కి వేసి చూసుకోవచ్చు. ఆరు మూళ్లు పద్దెనిమిది, ఏడు కలిపితే ఇరవై ఐదు.

సరదా కోసం ఒకటి. మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ 1949లో బయటపెట్టిన వింత ఇది. ఓ నాలుగంకెల సంఖ్య తీసుకోవాలి. అన్నీ ఒకే అంకెలు కాకూడదు. ఆ అంకెలతో ఏర్పడే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యని తీసెయ్యాలి. వచ్చినదానితో మళ్లీ అలాగే. 3524తో మొదలుపెడితే 5432లోంచి 2345 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడుసార్లలోపే 6174 రావాలి. రాలేదంటే మధ్యలో తీసివేత తప్పినట్టే!

ఒక్క టీచరు, అన్ని తరగతులు

మూడు వయసుల పిల్లలకి అమ్మ ఒక్కతే అన్న కష్టం ఇళ్లకే పరిమితం కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనూ అదే బాధ. మదనపల్లె దగ్గరున్న రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల బడుల కోసం దీనికో దారి కనిపెట్టారు. పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డుల మీద బొమ్మల గుర్తులుంటాయి. నిచ్చెన బొమ్మ చూసుకుని పిల్లలు తమ వంతు కార్డు తామే తీసుకుంటారు. టీచరు సాయం పూర్తిగా కావాల్సినవాళ్లు ఒకచోట, కొంచెం కావాల్సినవాళ్లు ఒకచోట, తోటివాళ్ల సాయంతో చేసేవాళ్లు ఒకచోట, ఒంటరిగా చేసుకునేవాళ్లు ఇంకోచోట కూర్చుంటారు. ఈ పద్ధతి దేశంలో చాలాచోట్లకి వెళ్లింది.

దీన్లోంచి ఇంటికి తెచ్చుకోవాల్సినవి రెండు. మొదటిది, కార్డు మీద బొమ్మే తప్ప తరగతి కనిపించకపోవడం. నాలుగో తరగతివాడికి రెండో తరగతి లెక్కలు అవసరమైతే అట్ట మీద పెద్దగా '2' అని ఉన్న పుస్తకాన్ని చెల్లెలి ముందు చేతిలో పెట్టకండి. వాడు ముట్టుకోడు. అట్ట తీసేసి కాగితాలుగా ఇవ్వండి. లేదా మీరే రాసివ్వండి. రెండోది, అందరికీ అమ్మ ఒకేసారి అక్కర్లేకుండా చూసుకోవడం. చిన్నది పదిహేను నిమిషాలకన్నా కూర్చోలేదు కాబట్టి, మొదట అమ్మ దాని పక్కన ఉంటే ఆ సమయంలో మిగతా ఇద్దరూ సొంతంగా చేసుకోవాలి. తర్వాత చిన్నది కొబ్బరిచిప్పతో ఆడుకుంటుంది, అమ్మ నడిపివాడి దగ్గరికి వెళ్తుంది. లెక్క రాకపోతే వెంటనే అమ్మని పిలవకూడదు. ఇంకోసారి చదవాలి. చేసి చూపించిన లెక్క చూడాలి. అక్కని అడగాలి. అప్పటికీ రాకపోతే చుక్క గుర్తు పెట్టి ముందుకెళ్లాలి. చుక్క పెట్టినవన్నీ చివర్లో అమ్మ వాటా. పని అయ్యాక నాన్న వచ్చినా సరే, ఆ చుక్కలు చూస్తే ఎవరికెక్కడ ఇబ్బందో తెలిసిపోతుంది.

వారానికోసారి ముగ్గురూ కలిసి ఆడే ఆట ఒకటుండాలి. వామనగుంటలు ఉండనే ఉన్నాయి. రెండు వరసల్లో ఏడేసి గుంటలు. చిన్నది గింజలు లెక్కపెడుతుంది. నడిపివాడు ఏ గుంట తీస్తే లాభమో చూస్తాడు. పెద్దమ్మాయి పంచకుండానే చివరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పగలదు. పదిహేడు గింజలుంటే పద్నాలుగుతో ఓ చుట్టు పూర్తవుతుంది, అక్కడినుంచి మూడో గుంట. శేషమంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే పుస్తకం ఉంటుందా?

కొనే ముందు...

* పుస్తకాన్ని మధ్యలో తెరిచి పిల్లల చేత పది లెక్కలు చేయించండి. ఏడెనిమిది వస్తే సొంతంగా చేసుకోగలరు. నాలుగైదే వస్తే పెద్దవాళ్లు పక్కన ఉండాలి. పదీ వస్తే డబ్బు దండగ.

* చేసి చూపించిన లెక్కలు, చివర జవాబులు ఉన్నాయో లేదో చూడండి. రెండూ లేకపోతే వద్దు.

* పేజీనిండా ఒకేరకం లెక్కలు కిక్కిరిసి ఉంటే పిల్లలు ఆలోచించడం మానేసి నింపుకుంటూ పోతారు. తక్కువ లెక్కలు, రకరకాలుగా ఉన్నవే మంచివి.

* పుస్తకంలో రాయించకుండా నోటుబుక్కులో చేయించండి. అదే పుస్తకం తర్వాతివాళ్లకి పనికొస్తుంది.

* ఫోన్లో యాప్ అయితే కావాలనే ఓ తప్పు జవాబు నొక్కి చూడండి. ఎక్కడ తప్పిందో చూపిస్తే సరే. ఎర్రగుర్తు పెట్టి ఊరుకుంటే పిల్లలు ఊహించి నొక్కడమే నేర్చుకుంటారు.

* ముగ్గురికీ ఒకే రోజు కొనకండి. ఒకరిది నెల రోజులు నడిచాక ఇంకొకరిది చూడొచ్చు.

సొంతంగా చేసుకోవడమంటే పిల్లల్ని వదిలెయ్యడం కాదు. అమ్మ పక్కనే కూర్చోకపోయినా పిలిస్తే వినిపించేంత దూరంలో ఉండాలి. చిన్నది చిప్ప ఎత్తి 'కరెక్టూ' అని అరిచినప్పుడు వంటింట్లోంచి ఓ 'భలే' వినిపించాలి.

కొన్నాళ్లకి చాప మీద మాటలు మారతాయి. 'అమ్మా, ఇది రైటేనా?' అని అడిగిన నడిపివాడే ఓ సాయంత్రం కాగితం పట్టుకుని వంటింట్లోకి వస్తాడు. 'అమ్మా, తప్పొచ్చింది. ఎక్కడొచ్చిందో నేనే కనిపెట్టా' అంటాడు. ఆ రోజు పొయ్యి కాసేపు కట్టేసి ఆ కాగితం చూడండి. అందులో జవాబు తప్పే కావచ్చు. లెక్కలు మాత్రం వచ్చేస్తున్నట్టే!